స్పోర్ట్స్ కారు ముందు బంపర్ గాలి దారులకు రక్షణ జాలీ: ఇంట్లోనే తయారుచేసి అమర్చుకునే విధానం

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల రోడ్ల మీద స్పోర్ట్స్ కారు నడిపేవారు అన్నిటికన్నా ముందు కాపాడుకోవలసింది ఏసీ కండెన్సర్‌ను, అంటే ఏసీ గ్యాసులోని వేడిని బయటి గాలికి వదిలే భాగాన్ని. అది ముందు బంపర్‌లోని పెద్ద గాలి దారుల వెనక, చెయ్యి పెడితే తగిలేంత దగ్గరలో ఉంటుంది. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద వాడపల్లి వైపు తిరిగే సిమెంటు లారీలు, పట్టా సరిగా కప్పకుండా నడిచే కంకర టిప్పర్లు, మిర్యాలగూడ మిల్లుల చుట్టూ ఊక నింపుకుని పోయే బండ్లు, పత్తి కాలంలో జిన్నింగు మిల్లులకు వెళ్ళే వాహనాల నుంచి రాలే దూది, రోడ్డు పక్కన ఆరబోసిన వడ్ల నుంచి లేచే తాలు, దుమ్ము: వీటన్నిటిలో ఎంతో కొంత ఆ గాలి దారుల్లోకే చేరుతుంది.

కండెన్సర్ అంటే చదునైన సన్నని అల్యూమినియం గొట్టాలు, వాటి నడుమ కాగితమంత పలుచగా ముడతలు పెట్టిన రేకులు. ఎండాకాలంలో ఏసీ నడుస్తున్నప్పుడు ఆ గొట్టాల్లో గ్యాసు ఒత్తిడి 15 బార్లు (ఒక బారు అంటే దాదాపు మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి) దాటుతుంది. పలుచటి గోడతో, లోపల అంత ఒత్తిడి ఉన్న గొట్టానికి చిల్లు పడడానికి ఒక పదునైన కంకర ముక్క చాలు. మామూలు కార్లలో ఇది గ్రిల్ వెనక కొంత లోతుగా, ప్లాస్టిక్ పట్టీల చాటున ఉంటుంది. పోర్షే బాక్‌స్టర్, కేమన్, 911 వంటి కార్లలో ఇంజను మధ్యలోనో వెనకనో ఉంటుంది కనుక రేడియేటర్లను ముందు బంపర్ రెండు మూలల్లో, చక్రాలకు ముందుగా పెట్టి, వాటి ముందు కండెన్సర్లను అమర్చారు. 1996లో వచ్చిన తొలి బాక్‌స్టర్ నుంచి ఈ ఏర్పాటు ఉంది. గాలి ధారాళంగా వెళ్ళాలని ఆ దారులను వెడల్పుగా ఉంచారు. ఆ వెడల్పే రాళ్ళకూ ఆకులకూ తలుపు తీసిపెట్టింది. ఫోర్డ్ మస్టాంగ్ లాగా ఇంజను ముందే ఉన్న కార్లలో రేడియేటర్ నడిమధ్యన ఉంటుంది గాని, ఇక్కడ చెప్పే పద్ధతి వాటికీ వర్తిస్తుంది.

జాలీ బిగించడం కష్టమైన పనేమీ కాదు. కష్టమంతా రాయిని ఆపుతూ గాలిని ఆపకుండా ఉండడంలోనే ఉంది. మే నెలలో 45 డిగ్రీల దాకా ఎండ కాసే ప్రాంతంలో ఇంజను చల్లబడడానికి కావలసిన గాలిని మన చేతులతోనే అడ్డుకుంటే, కండెన్సర్‌ను కాపాడబోయి ఇంజనుకు చేటు తెచ్చినట్టవుతుంది. అందుకే కింద చెప్పిన ప్రతి నిర్ణయంలోనూ గాలికి మొదటి స్థానం, రాయికి రెండవ స్థానం, అందానికి చివరి స్థానం ఇచ్చాను.

ఏ జాలీ, ఎంత కంత

దుకాణానికి వెళ్ళే ముందు ఏ రాళ్ళను ఆపాలో తేల్చుకోవాలి. క్రషర్లు కంకరను 40, 20, 12, 6 మి.మీ. అనే కొలతల్లో అమ్ముతాయి. టిప్పర్ల నుంచి రోడ్డు మీద రాలి, ముందు బండి టైరు కింద నుంచి ఎగిరి వచ్చేవి ఎక్కువగా 20 మి.మీ., అంతకు తక్కువ కొలతల ముక్కలే. కొలత మూడింతలకు కాస్త పెరిగితే బరువు మూడింతలు కాదు, 37 రెట్లు పెరుగుతుంది. 6 మి.మీ. సన్న కంకర (చిప్సు) ముక్క అర గ్రాముకు అటూ ఇటూ తూగితే, 20 మి.మీ. నల్లరాతి ముక్క 15 గ్రాముల దాకా తూగుతుంది. గంటకు 100 కి.మీ. వేగంలో ఆ చిన్న ముక్క తాకిడి ఒక జౌలులో (శక్తిని కొలిచే ప్రమాణం) ఐదో వంతు మాత్రమే. పెద్ద ముక్క తాకిడి 6 జౌళ్ళకు దగ్గరగా ఉంటుంది. చిన్నది రేకును కొద్దిగా వంచుతుంది, పెద్దది గొట్టాన్ని చీలుస్తుంది. కాబట్టి 12 మి.మీ. అంతకు పైబడిన రాళ్ళను నిక్కచ్చిగా ఆపి, 6 మి.మీ. చిప్సులో కొన్ని జారిపోయినా సరిపెట్టుకునే జాలీ మనకు కావాలి.

ఆ లెక్కన కంత 6 నుంచి 8 మి.మీ. మధ్య, తీగ మందం 1 మి.మీ. ఉండడం తగిన కొలత. చదరపు కంతల నేత జాలీలో గాలికి మిగిలే ఖాళీ ఎంతో ఇంట్లోనే లెక్క కట్టుకోవచ్చు: కంత కొలతను, కంతా తీగా కలిపిన కొలతతో భాగించి, వచ్చిన సంఖ్యను దానితోనే గుణించాలి. కంత 6, తీగ 1 అయితే 73 శాతం ఖాళీ మిగులుతుంది. అదే తీగతో కంత 3 మి.మీ.కు తగ్గితే 56 శాతమే మిగులుతుంది, అంటే దారిలో దాదాపు సగం మూసుకుపోతుంది. కంత 10 అయితే 83 శాతం మిగులుతుంది గాని 12 మి.మీ. కంకర కోణం తిరిగి దూరిపోయే అవకాశం ఉంటుంది. నా మట్టుకు 70 శాతం కన్నా తక్కువ ఖాళీ ఉన్న జాలీని మన ఎండల్లో వాడకూడదు.

దోమల జాలీని చాలామంది సూచిస్తారు. దాన్ని పూర్తిగా వదిలేయాలి. లెక్కకు అందులోనూ ఖాళీ బాగానే కనిపిస్తుంది గాని, తొలకరి వాన పడిన సాయంత్రం ఉసుళ్ళు లేచినప్పుడు ఒక్క ప్రయాణంలోనే ఆ కంతలు పూడుకుపోతాయి. 3 మి.మీ. కంతలతోనూ ఇదే చిక్కు: వడ్ల ఊక పొడుగ్గా, సన్నగా ఉంటుంది కనుక ఆ కంతల్లో నిలువునా ఇరుక్కుని, నీళ్ళు కొట్టినా రాదు. 6 మి.మీ. కంతల్లోంచి ఊక లోపలికి పోతుంది, కానీ లోపలి నుంచి కడిగితే అదే దారిన బయటికి వస్తుంది. కోళ్ళ ఫారాలకు వాడే అర అంగుళం వెల్డు జాలీ చవకే గాని 12 మి.మీ. కంకరను ఆపదు, పైగా కోసిన చోటల్లా జింకు పూత పోయి తుప్పు పడుతుంది.

ఇక మిగిలేవి రెండు రకాలు. మొదటిది రేకును చీల్చి సాగదీసి చేసిన అల్యూమినియం జాలీ, అంటే డైమండు ఆకారపు కంతలున్నది. కారు సామాను దుకాణాల్లో నల్ల రంగుతో సహా దొరుకుతుంది. చేత్తో వంచవచ్చు, మామూలు టిన్ కట్టర్‌తో కోయవచ్చు, అంచులు విడిపోవు. రెండవది 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు తీగతో నేసిన జాలీ. వడ్లు జల్లించే యంత్రాలకు ఇటువంటి నేత జాలీనే వాడతారు కనుక మిర్యాలగూడలో రైసు మిల్లు విడిభాగాలు అమ్మేవారిని అడిగి చూడవచ్చు. అక్కడ లేకపోతే సికింద్రాబాదు రాణిగంజ్ హార్డ్‌వేర్ బజారులో దొరుకుతుంది. స్టీలు జాలీ గట్టిది, రాయి తగిలినా గుంట పడదు, కానీ వంచడం కష్టం, కోస్తే అంచు తీగలు ఒక్కొక్కటే జారిపోతాయి. మొదటిసారి చేసేవారికి అల్యూమినియం జాలీనే సూచిస్తాను. హైవే ప్రయాణం ఎక్కువగా ఉండి, ఒకసారి చేసి నాలుగేళ్ళు మరిచిపోవాలనుకునేవారు స్టీలుకు వెళ్ళడం మంచిది.

జాలీతో పాటు టిన్ కట్టర్, సన్నటి ఆకురాయి, 400 నంబరు ఎమరీ కాగితం, మందపాటి చేతి తొడుగులు, కంటి అద్దాలు, నల్లటి కేబుల్ టైలు, 4 మి.మీ. స్టెయిన్‌లెస్ స్క్రూలు, లాక్ నట్లు, రబ్బరు వాషర్లు, అంచులకు తొడిగే రబ్బరు బీడింగు, మాస్కింగ్ టేపు, రెండు మూడు అట్టపెట్టెలు, టార్చిలైటు సిద్ధం చేసుకోవాలి.

కోతకు ముందు లోపలికి చూడండి

కారు చల్లారిన తరువాత, ఇంజను ఆపి, టార్చి వెలుగులో ప్రతి గాలి దారిలోకి పరీక్షగా చూడాలి. వంగిన రేకులు అక్కడక్కడ ఉండడం సహజం. అయితే ఒక చోట దుమ్ము మిగతా చోట్ల లాగా పొడిగా, ఎర్రగా కాకుండా నల్లగా, జిడ్డుగా అంటుకుని ఉంటే ఆగి చూడాలి. ఏసీ గ్యాసుతో పాటు కంప్రెసర్ నూనె కూడా గొట్టాల్లో తిరుగుతుంది. సూది మొనంత చిల్లు పడినా గ్యాసు గాలిలో కలిసిపోయి నూనె అక్కడే మిగిలి దుమ్మును పట్టుకుంటుంది. అటువంటి మచ్చ కనిపిస్తే ముందు ఏసీ మెకానిక్కు చేత లీకు పరీక్ష చేయించాలి. కారుతున్న కండెన్సర్ ముందు జాలీ బిగించి ప్రయోజనం లేదు.

తరువాత, ఏ దారి వెనక ఏముందో గుర్తించి కాగితం మీద రాసుకోవాలి. అన్ని దారులూ రేడియేటర్‌కు వెళ్ళవు. కొన్ని ముందు బ్రేకులకు గాలి తీసుకువెళతాయి. వాటి వెనక కండెన్సర్ లేదు కనుక జాలీ అవసరం లేదు, అలాగే వదిలేయాలి. కొన్ని కార్లలో ముందు వాహనంతో దూరాన్ని కొలిచే రాడార్ నడిమి దారిలోనో బంపర్ వెనకో ఉంటుంది. దాని ముందు లోహపు జాలీ వస్తే అది సరిగా పనిచేయదు, కాబట్టి ఆ భాగాన్ని ముట్టుకోకూడదు. బయటి ఉష్ణోగ్రత కొలిచే చిన్న సెన్సర్, పార్కింగు సెన్సర్ల తీగలు, టోయింగు కొక్కెం బిగించే రంధ్రం ఎక్కడున్నాయో చూసుకోవాలి. జాలీ వచ్చాక కూడా కొక్కెం బిగించడానికి చెయ్యి దూరాలి. 992 తరం 911 వంటి కార్లలో గాలి దారుల్లో తమంతట తాము తెరుచుకుని మూసుకునే పలకలు ఉంటాయి. వాటి కదలికకు జాలీ గాని, స్క్రూ మొన గాని అడ్డు రాకూడదు.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బంపర్ ముందుకు పొడుచుకు వచ్చే ఇనుప గార్డుల మీద చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు రాసింది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద అవి అనుమతి లేని మార్పు అవుతాయని అందులో పేర్కొంది. మనం చేసే జాలీ అటువంటిది కాదు. అది గాలి దారి లోపలే ఉంటుంది, పాదచారికి తగలదు. అలాగే ఉంచడం మన బాధ్యత: జాలీలో ఏ భాగమూ బంపర్ ముఖాన్ని దాటి బయటికి రాకూడదు, నంబరు ప్లేటును తాకకూడదు.

ముందు శుభ్రం చేయాలి

జాలీ వచ్చాక లోపలికి చెయ్యి దూరదు కనుక ఇప్పుడే శుభ్రం చేయాలి. కండెన్సర్ ముందు పేరుకున్నది కంటికి కనిపిస్తుంది. అసలు చెత్త కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్యనున్న సందులో ఉంటుంది. ఎండిన వేపాకు, దూది, ఊక, మట్టి కలిసి అక్కడ దళసరి పొరగా అట్టకడతాయి. వాన నీటికి అది తడిసి, ఆరకుండా ఉండి, అల్యూమినియాన్ని నెమ్మదిగా తినేస్తుంది. పైన ఉన్న ఒకటి రెండు స్క్రూలు తీస్తే చాలా కార్లలో ఆ సందు తెరుచుకుంటుంది. వాక్యూమ్ గొట్టంతో వచ్చినంత లాగి, తరువాత తోట పైపుతో మెల్లగా లోపలి నుంచి బయటికి నీళ్ళు పోయాలి. సర్వీసింగు సెంటర్లలో బండ్లు కడిగే ప్రెషర్ గొట్టాన్ని దగ్గరగా పెట్టి కొట్టనివ్వకండి. ఆ ధారకు రేకులన్నీ ఒక పక్కకు వాలిపోయి, రాయి చేసే నష్టం కన్నా ఎక్కువ నష్టం జరుగుతుంది. వంగిన రేకులను చిన్న ప్లాస్టిక్ పుల్లతో ఓపికగా నిలబెట్టవచ్చు.

బంపర్ తీయాలా

గాలి దారి వెడల్పుగా ఉండి, ముందు నుంచి చెయ్యి దూరితే బంపర్ తీయనవసరం లేదు. ప్లాస్టిక్ గ్రిల్ పట్టీలు ఊడి వచ్చే రకమైతే పని ఇంకా సులువు: పట్టీలను బయటికి తీసి, జాలీని వాటి వెనక కట్టి, తిరిగి పెట్టేయవచ్చు. వేరే దారి లేక బంపర్ తీయవలసి వస్తే ఇద్దరు ఉండాలి, బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పాలి, విప్పే ప్రతి క్లిప్పును, స్క్రూను ఎక్కడిదో రాసిన పొట్లంలో వేయాలి, సెన్సర్ల ప్లగ్గులు విడదీయకుండా బంపర్‌ను లాగకూడదు. పాత కార్లలో ప్లాస్టిక్ క్లిప్పులు పెళుసెక్కి విరుగుతాయి, కొన్ని కొత్తవి ముందే తెచ్చుకోవాలి. కారును లేపవలసి వస్తే తయారీదారు చూపిన చోటే జాకీ పెట్టి, కింద స్టాండ్లు నిలిపాకే చెయ్యి లోపల పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి వెళ్ళకూడదు.

అట్ట నమూనా

జాలీని నేరుగా కారు దగ్గర పట్టుకుని కోయడం మొదలుపెడితే సగం జాలీ వృథా అవుతుంది. ముందు అట్టతో నమూనా చేయాలి. గాలి దారి లోపలి గోడలు ముందు నుంచి వెనక్కి పోయేకొద్దీ సన్నబడతాయి. కాబట్టి జాలీ ఏ లోతులో కూర్చుంటుందో ముందే నిర్ణయించి, ఆ లోతులో కొలవాలి. జాలీకీ కండెన్సర్‌కూ మధ్య కనీసం 25 మి.మీ. ఎడం ఉండాలి, 40 ఉంటే మరీ మంచిది. రాయి తగిలినప్పుడు జాలీ లోపలికి సాగుతుంది. ఎడం లేకపోతే ఆ దెబ్బ జాలీ గుండా నేరుగా కండెన్సర్‌కే చేరుతుంది.

అట్టను కాస్త పెద్దగా కోసి, లోపల పెట్టి, అంచులు తగిలే చోట పెన్సిలుతో గీసి, కొద్దికొద్దిగా కోస్తూ సరిచేయాలి. నాలుగు పక్కలా వేలు ఆనించి చూస్తే ఎక్కడా జాలీ కంత కన్నా పెద్ద సందు మిగలకూడదు, ఎందుకంటే రాళ్ళు ఆ సందునే వెతుక్కుంటాయి. నమూనా కుదిరాక చుట్టూ 15 మి.మీ. అంచు మడతకు కలిపి, రెండవ అట్ట మీద ఆఖరి ఆకారం గీసి, “పైన”, “ముందు”, “ఎడమ” అని దాని మీద రాయాలి.

ఎడమ, కుడి దారులు అద్దంలో బొమ్మల్లా ఉంటాయి కనుక ఒక్క అట్టనే తిప్పి రెండింటికీ వాడవచ్చు. ఇక్కడ ఒక మెలకువ అవసరం. సాగదీసిన అల్యూమినియం జాలీని దగ్గరగా చూస్తే దాని పట్టీలు చదునుగా ఉండవు, కిటికీ తలుపు రెక్కల్లా ఒక పక్కకు వాలి ఉంటాయి. వేలితో పైనుంచి కిందికి రాస్తే నున్నగా, కింది నుంచి పైకి రాస్తే గరుకుగా తగులుతుంది. ఎడమ ముక్క కోశాక జాలీని బోర్లా తిప్పి కుడి ముక్క కోస్తే ఆ వాలు తలకిందులవుతుంది. బిగించాక ఒక పక్క నల్లగా నిండుగా, రెండో పక్క పలుచగా కనిపిస్తాయి, గాలి వెళ్ళే తీరూ మారుతుంది. అందుకని జాలీని కదపకుండా అట్టను మాత్రమే తిరగేసి గీయాలి. డైమండు కంతల పొడవు అడ్డంగా, నేలకు సమానంగా రావాలి.

కోత, మడత

చేతి తొడుగులు లేకుండా కోసిన జాలీని ముట్టుకోవద్దు. దాని అంచు బ్లేడులా ఉంటుంది, తెగినచోట అల్యూమినియం ముక్క చర్మంలో దిగి కనిపించకుండా ఉండిపోతుంది. మాస్కింగ్ టేపును గీత వెంట అంటించి, టేపు మీద మళ్ళీ గీసి కోస్తే గీత కంతల్లో పోకుండా స్పష్టంగా కనిపిస్తుంది. పట్టీలు కలిసే ముడి మీద కాకుండా, ముడిని ఇవతల ఉంచుకుని కోయాలి. ముడి తెగితే ఆ వరుస వదులవుతుంది. కోసిన అంచునంతా ఆకురాయితో రుద్ది మొనలు తీసేయాలి.

మడత పెట్టడానికి నున్నటి అంచున్న రెండు చెక్క బద్దల మధ్య జాలీని బిగించి, పైకి మిగిలిన 15 మి.మీ. అంచును మరో చెక్కతో మెల్లగా అదుముతూ వంచాలి. సుత్తితో నేరుగా కొట్టకూడదు, పట్టీలు విరుగుతాయి. గుండ్రటి మూలల దగ్గర అంచులో రెండు మూడు గాట్లు పెడితే మడత ముడతలు పడకుండా ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటుంది. మడత వెనక్కి, అంటే కండెన్సర్ వైపు తిరగాలి. అప్పుడు పదునైన అంచు ఎవరి చేతికీ తగలదు. ఆ అంచు ప్లాస్టిక్ గోడకు ఆనే చోట రబ్బరు బీడింగు తొడగాలి. లేకపోతే కారు అదురుకు జాలీ ప్లాస్టిక్‌ను రాసి రాసి గాడి పెడుతుంది, హైవే మీద గరగర శబ్దం కూడా వస్తుంది.

స్టీలు నేత జాలీ వాడేవారు మడత జోలికి పోకుండా, కోయడానికి ముందే గీత వెంట టేపును రెండు పక్కలా అంటించి, టేపుతో సహా కోసి, వెంటనే బీడింగు తొడిగేయడం మేలు. తీగలు జారిపోకుండా ఉండేందుకు ఇంతకన్నా సులువైన మార్గం లేదు.

జాలీని లోపల పెట్టి చూసి, కుదిరిందని తేలాకే రంగు వేయాలి.

రంగు

రంగు వేసిన జాలీ కొన్నట్టయితే కోసిన అంచులకు మాత్రం పూస్తే చాలు. పచ్చి అల్యూమినియానికి మామూలు ఇనుప ప్రైమర్ నిలవదు, అల్యూమినియానికి పనికొచ్చే ఎచ్ ప్రైమర్ అడిగి తీసుకోవాలి. గిన్నెలు కడిగే సబ్బుతో జిడ్డు పోయేలా కడిగి ఆరబెట్టి, ఎమరీతో గరుకు చేసి, మళ్ళీ తుడిచి, తాడుకు వేలాడదీసి పలుచటి పూతలు వేయాలి. జాలీకి ముందు, వెనక మాత్రమే కాదు, ప్రతి పట్టీకి పక్కలు కూడా ఉంటాయి. నాలుగు దిక్కుల నుంచి ఏటవాలుగా స్ప్రే చేయకపోతే పక్క నుంచి చూసినప్పుడు తెల్లగా మెరుస్తాయి. మందంగా పూస్తే మూలల్లో రంగు పేరుకుని కంత చిన్నదవుతుంది, లెక్క కట్టి మిగిల్చుకున్న ఖాళీ అక్కడ పోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం స్ప్రే చేస్తే రంగు గాలిలోనే ఆరి పొడిలా పడుతుంది కనుక పొద్దున్నే, గాలి లేని నీడలో చేయాలి. మెరుపు లేని నల్ల రంగు వేస్తే జాలీ దూరానికి కనిపించనే కనిపించదు.

బిగింపు

బిగించడానికి జిగురు, సిలికాన్, ఎపాక్సీ వాడవద్దు. బంపర్లను ఎక్కువగా పాలీప్రొపిలీన్ రకపు ప్లాస్టిక్‌తో చేస్తారు, దానికి మామూలు జిగుర్లు సరిగా అంటవు. అంటుకున్నా జాలీని మళ్ళీ తీయలేము. ఏడాదికి ఒకసారైనా తీసి లోపల కడగవలసిన వస్తువును తీయలేకుండా అతికించడం పొరపాటు.

గాలి దారిలో ప్లాస్టిక్ పట్టీలు ఉంటే కేబుల్ టైలే ఉత్తమం, కారుకు రంధ్రం పెట్టనక్కరలేదు, వారంటీ గొడవ రాదు. నల్లవే వాడాలి, వాటిలో కలిపే కార్బను ఎండను తట్టుకుంటుంది, తెల్లవి మన ఎండకు పెళుసెక్కి తెగిపోతాయి. జాలీని పట్టీల వెనక పెట్టి, ప్రతి 8 నుంచి 10 సెం.మీ.కు ఒక టై వేసి, అన్నిటినీ వదులుగా ఉంచి, జాలీ చుట్టూ సమానంగా కూర్చున్నాక ఎదురెదురు టైలను జంటగా బిగించాలి. టై తలకాయను వెనక్కి తిప్పి, మిగిలిన తోకను నున్నగా కోయాలి.

పట్టీలు లేని ఖాళీ దారి అయితే మడిచిన అంచును లోపలి గోడకు స్క్రూలతో పట్టించాలి. ఒక్కో దారికి నాలుగు నుంచి ఆరు స్క్రూలు సరిపోతాయి. డ్రిల్లు పెట్టే ముందు గోడకు అవతల ఏముందో చేత్తో తడిమి చూడాలి. తీగల కట్ట, కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) గొట్టం, వాషర్ నీళ్ళ డబ్బా, కారు ఢీకొన్న సంగతి పసిగట్టే ఎయిర్‌బ్యాగు సెన్సర్ అక్కడ ఉండవచ్చు. డ్రిల్లు బిట్టుకు 10 మి.మీ. దగ్గర టేపు చుట్టుకుంటే అంతకన్నా లోతుకు పోదు. డ్రిల్లు చేసేటప్పుడు కండెన్సర్ ముందు మందపాటి అట్ట నిలబెట్టడం తప్పనిసరి: బిట్టు జారితే అట్టకు తగులుతుంది. స్టెయిన్‌లెస్ స్క్రూ, అల్యూమినియం జాలీ నేరుగా తాకితే వాన తడికి అల్యూమినియం ఆ చుట్టూ తెల్లగా పొడి రాలుతుంది, కనుక నడుమ రబ్బరు వాషర్ వేయాలి. లాక్ నట్టు వాడితే అదురుకు ఊడదు. ప్లాస్టిక్ గోడ లోపలికి నొక్కుకునే దాకా బిగించకండి, వాషర్ కొద్దిగా అదిమితే చాలు.

బిగించాక అరచేత్తో జాలీ నడిమధ్య గట్టిగా నొక్కండి. అది కండెన్సర్‌ను తాకితే ఎడం చాలలేదు, జాలీని ముందుకు జరపాలి, లేదా నడుమ ఒక బిగింపు కలపాలి. తరువాత చేత్తో తట్టి చూడండి, గలగల శబ్దం వచ్చిన చోట బీడింగు జారి ఉంటుంది.

వేడి పరీక్ష

దీన్ని వదిలేసేవారే ఎక్కువ. కారు కంప్యూటరు నుంచి కూలెంట్ వేడిని చదివి అంకెల్లో చూపే ఓబీడీ పరికరాన్ని కారులోని ఓబీడీ సాకెట్టులో పెట్టి, జాలీ పెట్టక ముందు ఒకసారి, పెట్టాక ఒకసారి, ఒకే దారిలో, ఒకే వేళకు, ఏసీ ఒకే స్థాయిలో పెట్టి నడిపి పోల్చాలి. డాష్‌బోర్డు మీద ముల్లును నమ్మలేము. చాలా కార్లలో వేడి కొంత మారినా అది నడిమధ్యనే నిలబడి ఉంటుంది.

మూడు రకాల నడక కావాలి. ఒకటి, నీడలేని చోట ఏసీ వేసి పావుగంట నిలబెట్టడం. రెండు, 44 లేదా 65వ నంబరు రహదారి మీద నిలకడైన వేగంతో ఇరవై నిమిషాలు. మూడవది అన్నిటికన్నా కఠినమైనది: తక్కువ వేగంతో ఎక్కువ భారం లాగే ఘాట్ రోడ్డు ఎక్కుడు. శ్రీశైలం వెళ్ళివచ్చేవారికి డ్యాము దగ్గర నుంచి దోమలపెంట పైకి ఎక్కే మలుపులు ఇందుకు సరైనవి. నిలబడి ఉన్నప్పుడు ఫ్యాన్లు లాగే గాలి వేగం తక్కువ కనుక జాలీ అడ్డు పెద్దగా తెలియదు. జాలీ చూపే నిరోధం గాలి వేగం వర్గంతో పెరుగుతుంది. అయితే హైవే మీద ఎదురుగాలి కావలసిన దాని కన్నా ఎక్కువే వస్తుంది. ఘాట్ రోడ్డు మీద ఇంజను వేడి ఎక్కువ, ఎదురుగాలి తక్కువ, ఫ్యాన్లే ఆధారం; కొరత ఉంటే బయటపడేది అక్కడే.

ఒకే పరిస్థితిలో కూలెంట్ వేడి రెండు మూడు డిగ్రీలు పెరిగితే అది రోజుకూ రోజుకూ ఉండే తేడాయే కావచ్చు. ఐదు డిగ్రీలకు మించి నిలకడగా పెరిగితే, లేదా ఫ్యాన్లు మునుపటి కన్నా తరచుగా గట్టిగా తిరుగుతుంటే, నిలబెట్టినప్పుడు ఏసీ గాలి చల్లదనం తగ్గితే, ఆ జాలీని తీసేసి ఇంకా పెద్ద కంతది వేయాలి. ఎంత శ్రమపడి చేసిందైనా సరే, ఆ మాట మీద మినహాయింపు లేదు.

తరువాతి సంరక్షణ

జాలీ ఆపిన చెత్త జాలీ మీదే ఉంటుంది, తీయకపోతే అదే కొత్త అడ్డు అవుతుంది. నవంబరు నుంచి జనవరి దాకా పత్తి బండ్లు తిరిగే రోజుల్లో వారానికి ఒకసారి దూదిని చేత్తో లాగేయాలి. దూది తడిస్తే గట్టిగా అట్టకడుతుంది, కడిగితే పోదు. వానాకోతల వేళా, యాసంగి కోతల వేళా రోడ్ల మీద వడ్లు ఆరబోసిన దారిన వచ్చిన ప్రతిసారి ఒక బకెట్టు నీళ్ళు పోయడం మంచిది. తొలకరిలో అంటుకున్న పురుగులను మరునాటికి ఆరనివ్వకుండా తడి గుడ్డతో తుడవాలి.

మొదటి 500 కి.మీ. తరువాత స్క్రూలను, టైలను ఒకసారి తడిమి చూడాలి. ప్లాస్టిక్ సర్దుకుని కొన్ని వదులై ఉంటాయి. ఏడాదికొకసారి, ఎండాకాలం మొదలు కాకముందే, జాలీలను విప్పి కండెన్సర్ సందును కడిగి, గుంట పడిన చోట్లను వెనక నుంచి వేలితో సరిచేసి, రంగు లేచిన చోట పూసి మళ్ళీ బిగించాలి. ఒకే చోట రెండు మూడు పట్టీలు తెగితే అతుకు వేయకుండా ఆ ముక్కనే మార్చాలి. అందుకోసం అట్ట నమూనాలను పారేయకుండా, వాటి మీద కంత కొలత, బిగించిన తేదీ రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇంట్లో దాచండి. కారును సర్వీసుకు ఇచ్చేటప్పుడు జాలీ ఎక్కడ, ఎలా బిగించి ఉందో మెకానిక్కుకు ముందే చెప్పండి. తెలియక బంపర్ లాగితే స్క్రూ దగ్గర ప్లాస్టిక్ చీలుతుంది.